పిల్లకి మొదటి గిటారు: బొగ్గుబాయి ఊళ్ళకి తీగ ఎలా వచ్చింది?

మా ఆఫీసులో ఏటా వేసవి సెలవుల ముందు ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "బాసూ, మా పాపకి గిటార్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని. అడిగేవాళ్ళు అడగడానికి ముందే ఒక ఎక్సెల్ షీట్ తయారుచేసి పెట్టుకుంటారు. ధర, కర్ర రకం, రివ్యూల్లో ఎన్ని చుక్కలు, ఉచితంగా వచ్చే సంచీ, బెల్టు... అచ్చం లాప్‌టాప్ కొన్నట్టే. ఎవరి దగ్గర నేర్పిస్తారు అన్న కాలమ్ మాత్రం ఆ షీట్లో కనబడదు. అడిగితే "అది తర్వాత చూద్దాంలే, యూట్యూబ్ ఉందిగా" అంటారు.

ఈసారి ఇదే ప్రశ్న గోదావరిఖని నుంచి వచ్చింది. మా తమ్ముడు అక్కడ ఓపెన్‌కాస్టులో పనిచేస్తాడు. (బాపు ఉద్యోగం వాడికొచ్చింది, నాకు ఎంసెట్ ర్యాంకొచ్చింది. మా ఇంట్లో ఆస్తి పంపకం అలా జరిగింది.) వాడి బిడ్డకి తొమ్మిదేళ్ళు. "అన్నా, పోరి గిటారు కావాలని ఒక్కటే పోరు పెడ్తాంది. ఏది కొనాల్నో, ఎవలకాడ నేర్పియ్యాల్నో నువ్వే చెప్పు. లాభాల వాటా పైసలు పడంగనే కొందం" అన్నాడు.

మా వాడు రెండో ప్రశ్న కూడా అడిగాడు చూశారా, అక్కడ ఆగిపోయాను. గోదావరిఖనిలో ఎవరి దగ్గర నేర్పిస్తాం? అసలు ఆ ఊళ్ళో పిల్లలకి సంగీతం ఎప్పుడు, ఎవరు నేర్పారు? సింగరేణి చరిత్ర మీద రాసినవాటిల్లో బొగ్గు టన్నులుంటాయి, సమ్మెలుంటాయి, ప్రమాదాలుంటాయి, యూనియన్ ఎన్నికలుంటాయి. తీగలు ఉండవు. నాకు తెలిసిన ముక్కలన్నీ ఒకచోట పేర్చి చూస్తే మా వాడి ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉన్నట్టనిపించింది. అందుకే ఇదంతా.

మన దగ్గర తీగ వాద్యం లేదా అంటే, ఉంది. గోదావరి దాటి అటు వెళ్తే మందమర్రి, బెల్లంపల్లి గనులు. ఇంకా లోపలికి పోతే ఆసిఫాబాద్, ఉట్నూరు అడవులు. అక్కడ రాజగోండుల వంశకథలు పాడే ప్రధాన్‌లు, తోటీల చేతిలో కిక్రి అని మూడు తీగల వాద్యం ఉంటుంది, కమానుతో వాయిస్తారు. 1940ల్లో ఆదిలాబాద్ అడవుల్లో ఉండి గోండుల మీద పుస్తకం రాసిన హైమెండార్ఫ్ ఈ గాయకుల గురించి కూడా రాశాడు. ఇటు నాగర్‌కర్నూల్ వైపు కిన్నెర ఉంది. 2022లో దర్శనం మొగులయ్యకి పద్మశ్రీ వచ్చాక 'పన్నెండు మెట్ల కిన్నెర' అనే మాట టీవీ చూసేవాళ్ళందరికీ తెలిసింది. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటాం కదా, కిన్నెరకైనా వీణకైనా వాటిని మెట్లు అనే అంటారు. గిటారు మెడ మీదా అవే మెట్లు. కాబట్టి మెట్లున్న తీగ మనకి కొత్తేం కాదు.

కానీ ఒక చిక్కు ఉంది. కిక్రి నేర్చుకోవాలంటే ఆ ఇంట్లో పుట్టాలి. కిన్నెరా అంతే. డప్పు ఉండేది మాదిగవాడలో. ఊరికి డప్పు కావాలి, కొట్టేవాడు మాత్రం ఊరవతల ఉండాలి. తండ్రి నుంచి కొడుక్కి తప్ప పక్కింటి పిల్లాడికి వాద్యం దాటే దారి లేదు. ఒక పిల్లకి వాద్యం కొనిచ్చి, ఫీజు కట్టి నేర్పించడం అనే ఆలోచనే మా తాతల ఊళ్ళల్లో లేదు. నేర్చుకునేది కులం, వినేది ఊరు.

బాయిలు వచ్చి దీన్ని కొంత కదిలించాయి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ లండన్లో డబ్బు పోగుచేసి తవ్వకం హక్కులు తీసుకుంది, 1889కల్లా బొగ్గు అమ్మకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. మేం చిన్నప్పుడు 'సింగరేణి డే' అని స్టేడియంలో ఆర్కెస్ట్రా చూడ్డానికి పోయింది ఈ తారీఖునే. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు లైను కలిసింది. రామగుండంలో బాయిలు పడింది ఆ తర్వాత ముప్పయ్యేళ్ళకి, 1960 ప్రాంతంలో. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి అన్ని కులాల వాళ్ళూ వచ్చి క్వార్టర్లలో, గుడిసెల్లో పక్కపక్కన పడ్డారు. ఒకే ఇంక్లైన్‌లో దిగి ఒకే నలుపుతో పైకొచ్చేవాళ్ళు. కులం పోయిందని అనట్లేదు, ఎక్కడికి పోతుంది! కానీ ఎవరి ఇంట్లోని పాట పక్కింటికి వినపడే దూరంలోకి జనం వచ్చారు.

సరే, గిటారు సంగతి. స్పెయిన్ కథ పెద్దది, నేను రెండు ముక్కల్లో తేల్చేస్తా. ఇవాళ మనం చూసే గిటారు ఆకారం, అరవై అయిదు సెంటీమీటర్ల తీగ పొడవు, 19వ శతాబ్దం మధ్యలో ఆంటోనియో దె టోర్రెస్ అనే స్పెయిన్ వడ్రంగి స్థిరపరిచినవి. ఇనప తీగల గిటారు అమెరికాలో పెరిగింది. నైలాన్ తీగ మాత్రం చాలా కొత్తది. అంతకుముందు జంతువుల పేగుతో చేసిన తీగ వాడేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ పేగు దారమంతా గాయాలకి కుట్లు వేయడానికి పోయింది. అప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే ఆయన నైలాన్‌తో తీగలు చేశాడు, సెగోవియా లాంటి మహా విద్వాంసుడు వాటిని వాయించి ఒప్పించాడు. పిల్లల వేళ్ళకి నైలానే మంచిదని ఇవాళ మనం అంటున్నామంటే ఆ యుద్ధం పుణ్యమే.

ఇంకో దారి హవాయి. 1889 ప్రాంతంలో, అంటే సింగరేణి బొగ్గు బండెక్కిన రోజుల్లోనే, అక్కడ జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లాడు గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి తీగల మీద ఇనపముక్క జరుపుతూ వాయించడం మొదలుపెట్టాడని చెప్తారు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకి కలకత్తా చేరింది. టావు మో అనే హవాయి వాద్యకారుడు కుటుంబంతో సహా 1940ల్లో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. ఇనపముక్క జారిస్తే స్వరం జారుతుంది, మన గమకాలకి దగ్గరగా ఉంటుంది. బెంగాలీలు దాన్ని వదల్లేదు. గిటార్లు తయారుచేసే పని కూడా కలకత్తాలోనే కుదురుకుంది. చాలా ఏళ్ళపాటు మన దేశంలో మధ్యతరగతి పిల్లాడి మొదటి గిటారు అంటే కలకత్తా గిటారే.

కలకత్తాకీ గోదావరిఖనికీ ఏంటి సంబంధం అంటారా? రామగుండంలో ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది (1999లో మూతపడింది, 2021లో కొత్త కంపెనీగా మళ్ళీ తెరిచారు). ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన చేశారు, 1983లో మొదటి యూనిట్ వచ్చింది. వీటితో పాటు దేశం నలుమూలల నుంచీ ఇంజనీర్లు వచ్చారు, బెంగాలీలూ వచ్చారు. నేను మొదటిసారి గిటారు విన్నది సినిమాలో కాదు. జ్యోతినగర్లో ఒక బెంగాలీ ఆఫీసరు గారి ఇంటి కిటికీలోంచి. అక్కడ చదివే దోస్తు కోసం సైకిల్ మీద పోయినప్పుడు, లోపల ఎవరో ఆవిడ గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని పాత హిందీ పాట సాగదీసి వాయిస్తోంది. ఆ ఇంటికీ మా క్వార్టర్‌కీ మధ్య పట్టుమని పది కిలోమీటర్లు లేదు. కానీ ఆ కాంపౌండ్ గోడ అవతల నేర్చుకునే పిల్లలు వేరు, ఇవతల పిల్లలం వేరు.

గోడ ఇవతలికి తీగ వచ్చింది రెండు దారుల్లో. ఒకటి రైలు. కాజీపేట, లాలాగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవాళ్ళు, వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ హాళ్ళల్లో డాన్సులకి గిటారు మోగేది. రెండోది చర్చి. ఇల్లందు బొగ్గుకి దారిచ్చిన డోర్నకల్ జంక్షనే 1912లో మన దేశపు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారి కేంద్రమైంది. బొగ్గు, మిషను ఒకే లైను మీద నడిచాయన్నమాట. తెలుగు క్రైస్తవ కీర్తనలకి మొదట తోడున్నవి హార్మోనియం, డోలకే. గిటారు చాలా తర్వాత వచ్చి చేరింది. కానీ మా ఊళ్ళో 'ఫీజు లేకుండా, కులం అడక్కుండా, ఆడపిల్లకి కూడా' వాద్యం నేర్పే చోటు ఏదైనా ఉందా అంటే నాకు గుర్తున్నంతవరకు అది చర్చే. మేం చర్చికి పోయేవాళ్ళం కాదు, అయినా ఈ మాట చెప్పకపోతే అన్యాయం.

మూడోది సినిమా. 1973లో 'యాదోం కీ బారాత్', దాన్నే 1975లో మనవాళ్ళు 'అన్నదమ్ముల అనుబంధం' అని తీశారు. అప్పట్నుంచీ గిటారు హీరో భుజానికి నగలాగా వేలాడుతూనే ఉంది. ఎడమచేతి వేళ్ళు కదలవు, పాట మాత్రం వస్తూ ఉంటుంది :) గిటారుని చూడాలనిపించేలా చేసింది సినిమా, నేర్చుకునే దారి మాత్రం చూపించలేదు.

మరి బాయి పనివాళ్ళ ఇళ్ళల్లో? 1975 జనవరి నుంచి అమలైన మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం తర్వాత చేతిలో నాలుగు పైసలు ఆడాయి. మా వాడలో ఆ పైసలతో రేడియోలొచ్చాయి, తర్వాత టేప్ రికార్డర్లు, తర్వాత టీవీలు. వినే సామాను అంతా వచ్చింది, వాయించే సామాను ఒక్కటీ రాలేదు. ఎందుకని? పైసలు లేక అని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. మా దగ్గర పాటంటే భయం ఉండేది.

ఈ భయం సంగతి బయటివాళ్ళకి అర్థం కావడం కష్టం. 1981లో సమ్మె చేస్తే ఒకరోజుకి ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నారని సింగరేణిలో యాభై ఆరు రోజుల సమ్మె జరిగింది. అందులోంచి సికాస పుట్టింది. జననాట్యమండలి పాట, గద్దర్ పాట, దండేపల్లి దగ్గరి లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య పాట, కాలనీ కాలనీలో మోగేవి. డప్పు, డోలక్, గజ్జెలు. అద్భుతమైన పాటలు, ఇప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. కానీ 1992లో పీపుల్స్ వార్‌తో పాటు సికాసనీ నిషేధించారు. పాట బాగా పాడే పిల్లాడంటే పోలీసుల కంట్లో పడే పిల్లాడు అని తల్లిదండ్రులకి అనిపించిన రోజులవి. అదే 1992లో కంపెనీ నష్టాల్లో మునిగి బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది, 1996లో మళ్ళీ తొక్కింది. ఒకవైపు ఉద్యోగం ఉంటదో ఊడ్తదో తెలియదు, ఇంకోవైపు పిల్లాడు ఎటుపోతడో తెలియదు. బాపు నన్ను పాటల దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. "సదువుకో బిడ్డా, పాట కూడు పెట్టది, ఉన్న కూడు గుంజుకుంటది" అనేవాడు. నేను ఎంసెట్ రాసింది ఆ మాట నీడలోనే. ఆ తరంలో బొగ్గుబాయి ఊళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్లోకి వచ్చినవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో ఇలాంటి మాటే వినుంటారు. ఇప్పుడు మనం పిల్లలకి గిటార్లు కొంటున్నామంటే, అది కొంత మనం ముట్టుకోనిది వాళ్ళ చేతిలో పెట్టడం కూడా.

ఇక్కడ బొగ్గుబాయిల నుంచి కొంచెం పక్కకి, గోదావరి పాయ వెంట కిందికి పోవాలి. పాలకొల్లుకి. ఎందుకంటే 'ఒక తెలుగు తండ్రి పిల్లాడికి పాశ్చాత్య తీగ వాద్యం కొనిచ్చి, గురువుని వెతికిపెట్టడం' అనే పనికి మనకున్న అన్నిటికంటే మంచి ఉదాహరణ అక్కడే ఉంది.

ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్, 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారికి సంగీతం తెలుసు, ఇంట్లో మాండలిన్ ఉండేది. అయిదారేళ్ళ పిల్లాడు దాన్ని తీసి కెలకడం మొదలుపెట్టాడు. మాండలిన్ చిన్న వాద్యం, మెడ పొట్టిది, మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పిల్లాడి వేళ్ళకి అందుతాయి. తండ్రి చూసి కొత్త మాండలిన్ కొనిచ్చాడు, తనకి తెలిసింది నేర్పాడు. 1976లో వాసురావు అనే గిటారిస్టు పిల్లాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు. ఆ తర్వాత తండ్రికీ వాసురావుకీ కూడా గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లాణ్ణి తన చేతుల్లోకి తీసుకున్నారు.

ఇక్కడే అసలు కిటుకు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు, ఎందుకంటే కర్ణాటక సంగీతాన్ని ఆ వాద్యం మీద అంతకుముందు ఆ స్థాయిలో వాయించినవాళ్ళే లేరు. గురువు దగ్గర ఉన్నది చెవి. తప్పు స్వరం పడితే ఆయనకి తెలుస్తుంది, సరైన స్వరం ఎలా ఉంటుందో పాడి వినిపించగలరు. అంతే. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్ళు. తర్వాత కుటుంబం మద్రాసు వెళ్ళింది. మిగతా కథ అందరికీ తెలిసిందే. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి. ఎనిమిది తీగల మామూలు మాండలిన్ మీద స్వరం నిలబడదు, టక్కున ఆగిపోతుంది. గమకం పలకాలంటే స్వరం సాగాలి. అందుకని శ్రీనివాస్ వాయించింది కరెంటు మాండలిన్, జంట తీగలు తీసేసి అయిదు తీగలతో. వాద్యం మొదట చేతికి సరిపోయింది, తర్వాత సంగీతానికి సరిపోయేలా దాన్నే మార్చుకున్నారు. మన ఎక్సెల్ షీట్లు దీన్ని తలకిందులు చేస్తాయి. ముందు పదేళ్ళు పనికొచ్చే 'మంచి' గిటారు కొని, పిల్ల దానికి సరిపోయేదాకా ఎదగాలంటాం.

ఇలాంటిదే ఇళయరాజా కథ కూడా, క్లుప్తంగా చెప్తా. పద్నాలుగేళ్ళకి అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పాటల బృందంలో చేరి ఊరూరా తిరిగాడు, మన జననాట్యమండలి లాంటి తిరుగుడే. 1960ల చివర మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు, సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాడు. ఉద్యమ పాట నుంచి గిటారుకి అడ్డంగా గోడేం లేదు, నేర్పేవాడు దొరికితే. మా ఊళ్ళో పాడిన పిల్లలకి ధనరాజ్ మాస్టరు దొరకలేదు, అదీ తేడా.

ఇప్పుడు కొనే విషయం. మనం ఇంజనీర్లం కాబట్టి లెక్క చేసి చూద్దాం. గిటారు మీద ఒక్కో మెట్టు దాటితే తీగ పొడవు రెండు పన్నెండో మూలంతో (1.0595) భాగించబడుతుంది. పూర్తి సైజు గిటారు తీగ 650 మిల్లీమీటర్లు. మొదటి నాలుగు మెట్లు కలిపి 134 మిల్లీమీటర్లు వస్తాయి. పిల్ల నాలుగు వేళ్ళూ చాపాల్సిన దూరం అది. ముప్పావు సైజు గిటారుకి తీగ సుమారు 580. నాలుగు మెట్లు 120 మిల్లీమీటర్లు. సగం సైజుకి, తీగ 530 అనుకుంటే, 109. పద్నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, తొమ్మిదేళ్ళ పిల్ల అరచెయ్యి మీద స్కేలు పెట్టి చూడండి తెలుస్తుంది. పైగా అదే తీగ, అదే శ్రుతి అయితే బిగువు పొడవు వర్గంతో మారుతుంది కాబట్టి ముప్పావు గిటారు మీద నొక్కే బరువు కూడా ఇరవై శాతం దాకా తగ్గుతుంది. ఇనప తీగలైతే ఆరూ కలిపి డెబ్భై కిలోలకి పైగా లాగుతాయి. నైలాన్ దాదాపు అందులో సగం. ఇనప తీగ మీద మొదటి నెల వేళ్ళ చివరలు మండుతాయి. నైలానే కొనండి.

ఇంట్లో ఇప్పటికే పెద్ద నైలాన్ గిటారు మూలన పడి ఉంటే ఒక ఉపాయం. తీగలన్నిటినీ రెండు అరస్వరాలు కిందికి దించి, రెండో మెట్టు మీద కేపో (తీగల్ని అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. 650ని 1.0595తో రెండుసార్లు భాగిస్తే 579! అంటే అదే ముప్పావు గిటారు, అదే బిగువు. కేపో ఖరీదు రెండు మూడు వందలు. పొట్ట మాత్రం పెద్దదే ఉంటుంది, చెయ్యి దాని మీదుగా రావాలి, ఆ ఇబ్బంది తప్పదు. ఆరేడు నెలలు మాత్రం నెట్టుకురావచ్చు.

మా తమ్ముడికి ముప్పావు సైజు నైలానే చెప్పాను, పది వేల లోపు. అయిదారు వేలకి కూడా దొరుకుతాయి, కానీ మూడు చూసుకోవాలి. పన్నెండో మెట్టు దగ్గర తీగ మరీ ఎత్తుగా ఉండకూడదు, ఒకటి రెండు రూపాయి బిళ్ళలు దూరే సందు చాలు, దానికంటే ఎక్కువైతే పిల్ల నొక్కలేదు. ఒత్తి వాయించినప్పుడు పన్నెండో మెట్టు స్వరం, వదిలేసిన తీగ స్వరానికి సరిగ్గా రెట్టింపు స్థాయిలో పలకాలి. ఫోన్లో శ్రుతి చూసే యాప్ పెడితే దుకాణంలోనే తేలిపోతుంది. మెడ వంకర పోకూడదు. ఈ మూడోది గోదావరిఖనిలో ముఖ్యం. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు దాటే ఊరు, ఓపెన్‌కాస్టుల దుమ్ము వేరే. కర్ర ఎండి, జిగురు వదులుతుంది. రేకుల గదిలో, బీరువా పైన పెట్టొద్దన్నా. ఓసీపీలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు గోడకి తగిలించిన గిటారు దానంతటదే మోగుతుందని మా మరదలు భయపడింది, దాని తప్పేం లేదు, మంచి వాద్యమైతే అలాగే మోగుతుంది.

నేర్పించే విషయం కష్టమైంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల అటూ ఇటూ. క్వార్టర్లు ఖాళీ అవుతుంటే ఆర్కెస్ట్రాలు నడిపినవాళ్ళు, వాళ్ళ పిల్లలు హైదరాబాద్ చేరారు. గిటారు నేర్పుతామన్న బోర్డు ఒకటి కనబడితే తమ్ముడు పోయి చూసొచ్చాడు, ఇరవై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి సినిమా పాట ఒకటి బట్టీ పట్టిస్తున్నారట. ఆన్‌లైన్లో సరుకు బోలెడుంది. జస్టిన్ గిటార్ లాంటి సైట్లు 2003 నుంచీ ఉచితంగా ఇస్తున్నాయి. ట్రినిటీ వాళ్ళ గ్రేడు పరీక్షలున్నాయి, ఎనిమిది మెట్లు. పెద్దవాళ్ళకి ఇవి సరిపోతాయి. తొమ్మిదేళ్ళ పిల్ల మణికట్టు వంకరగా పెడితే తెర లోపలి మాస్టారు చెయ్యి పట్టుకుని సరిచేయలేడు, తప్పు స్వరం వాయిస్తే ఆయనకి వినపడదు కూడా.

చివరికి పాలకొల్లు దారే పట్టాం. గని మీద ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు, నలభై ఏళ్ళుగా చర్చిలో హార్మోనియం వాయిస్తాడు, గొంతు బాగుంటుంది. గిటారు రాదు. "నాకు గా డబ్బ రాదు బిడ్డా, పాటైతే పాడ్త, నువ్వు ఏరుకో" అన్నాడట. నాకు కావాల్సింది అదే మాట! వారానికి మూడు సాయంత్రాలు ఆయన దగ్గర. ఆయన స్వరం పాడితే ఈ పిల్ల తీగ మీద వెతకాలి. వేళ్ళు ఎలా పెట్టాలి, మణికట్టు ఎలా ఉంచాలి అన్నది హైదరాబాద్‌లో నా దోస్తు, గిటారు వాయిస్తాడు, ఆదివారం వీడియోలో అరగంట చూస్తాడు, రెండు నెలలకోసారి పిల్లని ఇక్కడికి తీసుకొచ్చి చెయ్యి పట్టి చూపిస్తాం. తాళం కోసం ఇంకో ఏర్పాటు కూడా జరిగింది, అది నేను చెప్పింది కాదు. బడిలో బతుకమ్మకీ, జూన్ 2కీ డప్పు నేర్పుతున్నారట, పిల్ల దాంట్లోనూ చేరింది. మా అవ్వకి ఇది అంతగా నచ్చలేదు, "గిటారంటే సరే, ఆడపిల్ల డప్పు కొట్టుడేంది" అంది. తమ్ముడు వినలేదు. నాకు అడిగితే రెండిట్లో ఒకటే ఉంచమంటే డప్పే ఉంచమంటాను, లయ లేకుండా గిటారు వాయించేవాళ్ళని మన ఆఫీసు పార్టీల్లో చాలామందినే చూశాం.

ఫీజు నెలకి వెయ్యి రూపాయలు. తీసుకోనన్నాడు, తమ్ముడు బలవంతంగా ఇస్తున్నాడు. వాడికి ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారం తనే బండి మీద దింపుతాడు, సెకండ్ షిఫ్ట్ వారం మరదలు తీసుకుపోతుంది. నైట్ షిఫ్ట్ వారం మాత్రం పొద్దున పడుకున్నవాడు లేచేదాకా ఇంట్లో గిటారు తియ్యొద్దని రూలు. అందుకని ఆ వారం పిల్ల ప్రాక్టీసు పక్క క్వార్టర్ వరండాలో జరుగుతోంది, ఆ ఇంటి ఇద్దరు పిల్లలు ఎదురుగా కూర్చుని చూస్తున్నారట, ఒకడికి ఆరేళ్ళు.